తాళం ఎవరి చేతిలో?

పుష్య బహుళ పంచమి దగ్గర పడుతోందంటే మా వీధి చివరి మేడ ముందు సాయంత్రం ఆరింటికల్లా చెప్పులు గుట్టపడతాయి. త్యాగరాజ ఆరాధన నాడు పంచరత్నాలు కలిసి పాడాలని షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగులు, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు, సూళ్లూరుపేటలో సంగీతం నేర్చుకునే పిల్లలు ఓ పాతికమంది చేరతారు. నాకు పాట రాదు. మనవరాలి వయొలిన్ పెట్టె మోసుకెళ్లేది నేనే గనక నాకూ ఒక కుర్చీ వేస్తారు. శ్రీహరికోటలో ఉద్యోగం చేసి రిటైరై ఇక్కడ సూళ్లూరుపేటలోనే ఉండిపోయిన ముసలివాణ్ణి. జిల్లా పేరు 2022లో తిరుపతి అయింది గానీ మా నోటికి ఇంకా నెల్లూరే.

మొన్న దారిలో మనవరాలు గొణిగింది. "ఏంది తాతా ఇది, ఐదు కీర్తనలూ అందరికీ వచ్చు గదా. మళ్లీ రోజూ కూర్చోవడం ఎందుకంట?"

నేను పనిచేసింది కౌంట్‌డౌన్ గడియారాల దగ్గర. రిహార్సల్ అన్న మాట ఆ పిల్లకంటే నా చెవిన ఎక్కువసార్లు పడింది. శ్రీహరికోటలో రాకెట్ ఎగరబోయే ముందు లాంచ్ రిహార్సల్ అని ఒకటి జరుగుతుంది. చంద్రయాన్-3 2023 జూలై 14న ఎగిరితే, దానికి మూడు రోజుల ముందు ఇరవై నాలుగు గంటలపాటు మొత్తం ప్రయోగాన్ని నటించి చూశారు. నిప్పు అంటించడం ఒక్కటే తక్కువ. అక్కడ పని తెలియని వాడంటూ ఉండడు. అయినా చేస్తారు. ఎవరి మాట తర్వాత ఎవరు అందుకోవాలో, ఎవరు ఎంత ఆలస్యం చేయగలరో తేల్చుకోవాలి మరి.

అయితే అక్కడ ఒక వెసులుబాటు ఉంది. అందరి కళ్లెదుటా ఒకటే గడియారం. ఏదైనా తేడా వస్తే ఆ గడియారాన్నే ఆపేస్తారు. దాన్ని హోల్డ్ అంటారు. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కౌంట్‌డౌన్‌ని ఇంకా 56 నిమిషాలుందనగా ఆపేశారు. సరిచేసుకుని వారం తర్వాత ఎగరేశారు. శ్రీరాగంలో చరణం మధ్య మృదంగం మాస్టారు చెయ్యెత్తి "హోల్డ్" అంటే కుదురుతుందా? పాట మొదలైతే ఆగదు. పైగా అక్కడ గడియారమే లేదు.

"టీచరమ్మ తాళం వేస్తుంది గదా, అదే గడియారం" అంది మనవరాలు. ఆ మాట సగమే నిజం. పంచరత్నాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అని ఐదు రాగాల్లో ఉన్నా అన్నీ ఆదితాళమే. ఎనిమిది అక్షరాల లెక్క. టీచరమ్మ తొడ మీద దెబ్బ వేస్తుంది, వేళ్లు లెక్కపెడుతుంది. కానీ దెబ్బ విని, అప్పుడు గొంతెత్తారనుకోండి. చెవిన పడిన చప్పుడుకు మనిషి ఒళ్లు కదలాలంటే ఎంత చురుకైనవాడికైనా సెకనులో ఏడో వంతు పడుతుంది. పాతికమందీ అలా విని, ఆ తర్వాత అందుకుంటూ ఉంటే పాట ఎప్పుడూ తాళం వెనకాలే ఈడ్చుకుంటూ నడుస్తుంది. అలా జరగడం లేదంటే ఎవరూ విని పాడడం లేదన్న మాట. రాబోయే దెబ్బను ముందే అంచనా కట్టి, దానికి ఎదురెళ్లి పాడుతున్నారు.

మా చిన్నప్పుడు ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రెండు రోకళ్లతో వడ్లు దంచేవాళ్లు. ఒకామె రోకలి పైకి లేస్తుంటే రెండో ఆమెది కిందికి దిగేది. కబుర్లు చెప్పుకుంటూనే దంచేవాళ్లు, రోకలికి రోకలి తగిలేది కాదు. అవతలి రోకలి దిగడం చూసి తమది ఎత్తుదామనుకుంటే మొదటి నాలుగు పోట్లలోనే చేతులు విరిగేవి. అవతలామె చెయ్యి ఎప్పుడు దిగుతుందో వీళ్ల ఒంటికి ముందే తెలుసు. మేడ మీద రోజూ జరిగేది అదే. పాట ఇంట్లో ఒక్కరే కూర్చుని నేర్చుకోవచ్చు. పక్కవాళ్లు ఎక్కడ ఊపిరి తీస్తారో, ఏ సంగతి దగ్గర తొందరపడతారో, ఎవరు పల్లవికి తిరిగొచ్చేటప్పుడు కాస్త సాగదీస్తారో తెలియాలంటే కలిసి కూర్చోవలసిందే.

ఈ ముందు అంచనాను శాస్త్రవేత్తలు కొలిచారు కూడా. ఒక మనిషిని కూర్చోబెట్టి, టిక్ టిక్ మని కొట్టే యంత్రంతోపాటు వేలితో బల్ల మీద కొట్టమంటారు. తాను సరిగ్గా కొడుతున్నాననే అనుకుంటాడు. కొలిచి చూస్తే చాలామంది టిక్కు కంటే సెకనులో వెయ్యింట ఇరవై నుంచి యాభై వంతుల ముందే కొడుతుంటారు. సంగీతం సాధన చేసినవాళ్లలో ఈ తొందర తక్కువ.

యంత్రం అయితే మనకోసం మారదు. పక్కన ఉన్నది మనిషైతే చిక్కు రెట్టింపు. ఆ రోజు రిహార్సల్లో ఆరభి నడుస్తుండగా నేను గమనించాను. మా పిల్ల వయొలిన్ వెంట్రుకవాసి ముందుంది, పక్కన వేణువు వాయించే కుర్రాడు వెనక ఉన్నాడు. తేడా వెయ్యింట నలభై వంతులు అనుకుందాం. ఇద్దరికీ తేడా తెలిసింది. ఇద్దరూ మంచివాళ్లు. మా పిల్ల నలభై వెనక్కి తగ్గింది, అదే దెబ్బకు వాడు నలభై ముందుకొచ్చాడు. ఇప్పుడు వాడు నలభై ముందు, ఇది నలభై వెనక. మళ్లీ ఇద్దరూ దిద్దుకున్నారు. రెండు ఆవర్తాలు ఇదే తంతు. మృదంగం మాస్టారు వాయిస్తూనే కళ్లెత్తి వేణువు కుర్రాడి వంక ఒక చూపు చూశారు. అంటే నువ్వు కదలకు, ఆ పిల్లే వస్తుంది అని. కుదిరింది.

రాకెట్ దారి తప్పుతున్నప్పుడు దాన్ని దిద్దే కంప్యూటర్‌కూ ఇదే జాగ్రత్త నేర్పుతారు. తప్పు కనబడగానే మొత్తం ఒక్కసారే సరిదిద్దబోతే రాకెట్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. కొంచెం కొంచెంగా దిద్దాలి. 2014లో ఇంగ్లండులో కొందరు శాస్త్రవేత్తలు, నలుగురు కలిసి తీగవాద్యాలు వాయించే బృందాలను రెండింటిని తీసుకుని, ఎవరు ఎవరికోసం ఎంత సర్దుకుంటున్నారో లెక్క కట్టారు. నలుగురున్న చోట ఒక్కొక్కరు పక్కవాళ్లతో వచ్చిన తేడాలో నాలుగో వంతు దిద్దుకుంటే వాయిద్యాలు బాగా కలిసి ఉంటాయని గణితం చెబుతోంది. ఒక బృందంలో అందరూ అందరికోసం సర్దుకుంటున్నారట. రెండో బృందంలో మొదటి వయొలిన్ తన దారిన తాను పోతుంటే మిగతా ముగ్గురూ వెంటపడుతున్నారట. రెండు పద్ధతుల్లోనూ కచేరీ నడుస్తుంది. మన కచేరీల్లో రెండోది చూసీ చూసీ ఉన్నాం గదా.

ఇక దూరం సంగతి. దీన్ని మా ఊరివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రాకెట్ లేస్తుంటే సూళ్లూరుపేట మేడలన్నీ జనంతో నిండిపోతాయి. మధ్యలో పులికాట్ సరస్సు. మా మేడకూ లాంచ్‌ప్యాడ్‌కూ మధ్య తిన్నగా కొలిస్తే ఇరవై కిలోమీటర్ల పైమాటే. తూర్పున నిప్పు కనబడుతుంది, రాకెట్ పైకి పోతూ ఉంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. చూడవచ్చిన చుట్టాలు "ఇంతేనా?" అంటారు. నిమిషం దాటాక అప్పుడొస్తుంది మోత. కిటికీ రెక్కలు అదురుతాయి. మన వేడిగాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. అంటే ఒక మీటరు దాటడానికి వెయ్యింట మూడు వంతుల సెకను.

ఇంత చిన్న లెక్క పాటకు అడ్డమా అనకండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున నగర సంకీర్తన పోతుంది గదా. ముందు వరసలో హార్మోనియం, యాభై మీటర్ల వెనక చివరి వరస. ముందువాళ్ల పాట చివరివాళ్లకు చేరేసరికి సెకనులో ఏడో వంతు గడిచిపోతుంది. వాళ్లు దానితో కలిసి పాడితే, ఆ గొంతు ముందుకు తిరిగొచ్చేసరికి మరో ఏడో వంతు. ముందువాళ్లు వెనకవాళ్లు అందుకోలేదేమో అనుకుని ఆగుతారు. వెనకవాళ్లు ముందువాళ్లు నెమ్మదించారు కాబోలు అనుకుని వాళ్లూ ఆగుతారు. నాలుగు వీధులు తిరిగేసరికి చురుగ్గా మొదలైన భజన జోలపాటలా సాగుతుంది. అందరూ దీన్ని చలి మీదకీ నిద్రమత్తు మీదకీ తోసేస్తారు. నేను మాత్రం తప్పు గాలిదే అంటాను.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ అనే సంగీత ఆచార్యుడు దీన్ని పరీక్షించాడు. ఇద్దర్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కలిసి చప్పట్లు కొట్టమన్నాడు. ఒకరి చప్పుడు రెండోవారికి చేరే ఆలస్యాన్ని తన చేతిలో పెట్టుకుని మార్చుకుంటూ పోయాడు. ఆలస్యం పెరిగితే చప్పట్లు నెమ్మదించాయి, అది ఊహించిందే. వింత ఏమిటంటే ఆలస్యం మరీ తగ్గిస్తే ఇద్దరూ పరుగెత్తడం మొదలుపెట్టారు! వేగం నిలకడగా ఉన్నది సుమారు వెయ్యింట పదకొండు వంతుల ఆలస్యం దగ్గర. గాలిలో అది నాలుగు మీటర్లు. ఒక వసారాలో ఎదురెదురుగా కూర్చుని పాడుకునేవాళ్ల మధ్య ఉండే దూరం.

ఈ లెక్క గుర్తొచ్చి నేను ఇంటినుంచి టేపు తీసుకెళ్లి మేడ కొలిచాను. మృదంగం నుంచి చివరి వరసకు తొమ్మిది మీటర్లు. ఆ చివరి వరస మీదే టీచరమ్మ రోజూ కేకలేసేది. మర్నాడు వరసలు తీసేసి, మృదంగాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ అర్ధచంద్రంగా కూర్చోమన్నాం. కేకలు సగం తగ్గాయి. మిగతా సగానికి కారణం సాధన లేకపోవడమే. దానికి భౌతికశాస్త్రంలో మందు లేదు.

పాతికమందికే ఇంత పాటు. స్వామి సమాధి ఉన్న తిరువయ్యారులో ఇప్పుడు వందలమంది ఒకేసారి పంచరత్నాలు పాడటం టీవీలో చూస్తుంటాం గదా, అది త్యాగరాజస్వామి కాలం నాటి పద్ధతి అనుకునేవాళ్లున్నారు. స్వామి సిద్ధి పొందింది 1847లో. ఆయన సమాధికి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. ఆరాధన చేసేవాళ్లు చాలాకాలం జట్లుగా చీలిపోయి ఎవరి ఉత్సవం వాళ్లు చేసుకున్నారు. అందరూ ఒక్కటై, ఐదు కీర్తనలూ గోష్ఠిగా పాడే ఏర్పాటు 1940 ప్రాంతంలో వచ్చింది. విద్వాంసులంటే ఎవరి బాణీ వాళ్లది, ఎవరి సంగతులు వాళ్లవి. అంతమందిని ఒక్క పాఠానికి ఒప్పించడం రాకెట్ ఎగరేయడం కంటే తేలికేమీ కాదు.

వరాళి సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఆ రాగాన్ని గురువు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పితే ఇద్దరికీ చెడుతుందని ఒక నమ్మకం. శిష్యులు పక్కనుంచి విని పట్టుకోవాలట. మా టీచరమ్మ ఆ కీర్తన వచ్చినప్పుడు పిల్లల వంక చూడకుండా కిటికీ వైపు చూస్తూ పాడుతుంది. నమ్మకం మాటెలా ఉన్నా, కళ్లు మూసి చెవులు తెరిచే అలవాటు ఆ ఒక్క కీర్తనకే మా పిల్లలకు బాగా పట్టుబడింది.

కాలం కుదిరినా శ్రుతి కుదరాలి. వయొలిన్ తీగ సెకనుకు 240 సార్లు కంపిస్తూ, శ్రుతిపెట్టె 242 సార్లు కంపిస్తుంటే, రెండూ కలిసినచోట గాలిలో సెకనుకు రెండుసార్లు ఒక ఊగు వినిపిస్తుంది. వావ్... వావ్... అని. బిరడా తిప్పుతుంటే ఆ ఊగు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోతుంది. అప్పుడు శ్రుతి కలిసినట్టు. మనవరాలికి మొదట నేర్పింది ఇదే. స్వరం కోసం వినొద్దు అమ్మడూ, ఊగు కోసం విను అన్నాను.

కానీ కలిపిన శ్రుతి నిలవదు. ఆరాధన నాడు కచేరీ జరగబోయేది ఏసీ హాల్లో. మా రిహార్సల్ మేడ మీద, సముద్రపు గాలిలో. ఏసీ హాలు 22 డిగ్రీలు, మేడ 32 డిగ్రీలు అనుకోండి. వేణువులో గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. పది డిగ్రీల తేడాకు అది 1.7 శాతం పెరుగుతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ ఎడం దాదాపు 6 శాతమే కాబట్టి, పావు వంతుకు పైగా జరిగిపోయినట్టు. వయొలిన్ తీగ మాత్రం వేడికి సాగి వదులై శ్రుతి దిగుతుంది. ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది. మేడ మీద కలిపింది హాల్లో కలిసి ఉంటుందన్న ఆశ వద్దు. చివరి రెండు రిహార్సళ్లు హాల్లోనే పెట్టమని నేను పట్టుబట్టింది అందుకే. ఏసీ కరెంటు ఖర్చని కొందరు ముఖం ముడిచారు. ముడవనివ్వండి.

మృదంగానికి తేమతో పేచీ. తోలు తేమ పీల్చి వదులవుతుంది, శ్రుతి పడిపోతుంది. పులికాట్ మీదుగా గాలి తిరిగిన సాయంత్రం మాస్టారు కీర్తన కీర్తనకీ రాయి, కర్రముక్క తీసి అంచు మీద కొట్టుకుంటూ ఉంటారు. ఎడమవైపు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తారు, అది ఆరిపోతుంటే నాదం మారిపోతుంది, మళ్లీ నీళ్లు అద్దుతారు. కుడివైపు ఉండే నల్లటి మచ్చ మాత్రం అలాంటిది కాదు. పొర మీద పొరగా పూసి, రాయితో రుద్ది ఆరబెట్టింది. మామూలు డప్పు కొడితే అందులోంచి వచ్చే పైస్వరాలు ఒకదానికొకటి పొసగవు, అందుకే అది చప్పుడులా ఉంటుంది గానీ స్వరంలా ఉండదు. మృదంగం మధ్యలో ఆ బరువు పెట్టేసరికి పైస్వరాలు రెట్టింపు, మూడు రెట్లు అని వీణతీగలోలాగా వరసలో నిలబడతాయి. దీన్ని లోకానికి వివరించింది సి.వి. రామన్. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో రాశారు. తర్వాత 1930లలో మళ్లీ పట్టుకుని, ఆ తోలు కదిలే తొమ్మిది తీరులు ఐదు స్వరాలుగా ఎలా కూడుకుంటాయో తేల్చారు. రామన్ చిన్నతనం గడిచింది మన విశాఖపట్నంలోనే, వాళ్ల నాన్నగారు అక్కడ కాలేజీలో అధ్యాపకులు. నోబెల్ తెచ్చిపెట్టిన కాంతి పరిశోధన గురించి అందరూ చెబుతారు. నాకు ఆయన మృదంగం ముందు కూర్చున్న మాటే ఎక్కువ ఇష్టం.

ఒక సాయంత్రం అందరూ అరిచారు. గౌళలో మొదలై వరాళికి వచ్చేసరికి గొంతులు బొంగురుపోయాయి. దీనికీ ఒక పేరుంది, లొంబార్డ్ ప్రభావం అని. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ ప్రకటించాడు. పాతికమందిలో ఒకరు తమ గొంతు తమకు వినబడక పెంచుతారు. దాంతో పక్కవాళ్లకు వాళ్ల గొంతు వినబడదు, వాళ్లూ పెంచుతారు. పెళ్లి భోజనాల పందిట్లో జరిగేది కూడా ఇదే. విరుగుడు తేలిక. మనిషికీ మనిషికీ మధ్య జానెడు చోటు ఎక్కువ వదలాలి. తన గొంతు తనకు వినబడితే పక్కవాళ్లను వినే ఓపిక దానంతటదే వస్తుంది.

కలిసి పాడేవాళ్ల గుండెలు కూడా కలిసి కొట్టుకుంటాయని అంటుంటారు గదా. మరీ అంత కాదు గానీ కొంత నిజముంది. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో 2013లో చేసిన పరిశోధనలో, పొడుగైన పాదాలున్న పాటను కలిసి పాడేవాళ్ల గుండె వేగం ఒకే సమయంలో పెరిగి ఒకే సమయంలో తగ్గుతోందని తేలింది. కారణం ఊపిరి. గాలి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. పాట అందరి ఊపిరినీ ఒక దారిలో పెడితే గుండె వెంట పోతుంది.

ఇవన్నీ విని మనవరాలు ఒక పెద్ద ఆలోచన బయటపెట్టింది. డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మాయి, అంటే దానికి అత్త, చిన్నప్పటినుంచీ పంచరత్నాలు పాడుతుంది. "అత్తను వీడియోలో పెట్టేసి మనతో కలిసి పాడిద్దాం తాతా."

పాడించలేం. మా శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ రాకెట్లు పంపే సమాచార ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల ఎత్తున కూర్చుంటాయి. వాటి మీదుగా మాట పైకెళ్లి కిందికి రావాలంటే కాంతి వేగంతో పోయినా సెకనులో దాదాపు నాలుగో వంతు. 2004 సెప్టెంబర్ 20న ఇక్కడినుంచే ఎగిరిన ఎడ్యుశాట్ ఎక్కడెక్కడి తరగతి గదులకో పాఠాలు చేరవేసింది. పాఠం పావు సెకను ఆలస్యమైతే పిల్లలకు నష్టం లేదు. తాళానికి మాత్రం ప్రాణం పోతుంది. సముద్రం అడుగున వేసిన గాజుతీగల మీదుగా పంపినా, అందులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. డల్లాస్‌కు పద్నాలుగు వేల కిలోమీటర్ల పైన, అంటే ఒకవైపుకే వెయ్యింట డెబ్బై వంతులు. దారిలో కంప్యూటర్లు తినే కాలం అదనం. చేఫ్ చెప్పిన పదకొండు ఎక్కడ, ఇదెక్కడ? కరోనా రోజుల్లో జూమ్‌లో భజన చేయబోయిన ప్రతివాళ్లకూ ఇది అనుభవమే. ఇంకో దారి ఉంది, 2010లో ఎరిక్ విటేకర్ అనే అమెరికన్ స్వరకర్త చేసింది. 12 దేశాల్లోని 185 మంది ఎవరి ఇంట్లో వాళ్లు పాడి పంపితే అతను ఒక్క పాటగా కుట్టాడు. వినడానికి బాగుంటుంది. కానీ అందులో ఎవరూ ఎవరి కోసమూ సర్దుకోలేదు, కాలం మొత్తం అందరూ చూస్తూ పాడిన ఒక్క వీడియో చేతిలో ఉంది. మా కౌంట్‌డౌన్ గడియారం పద్ధతే మళ్లీ.

ఇదంతా ఫోన్‌లో చెబితే మా అమ్మాయి "అయితే నేనే వస్తా నాన్నా" అంది. ఆరాధన ముందు రోజుకు దిగేట్టు టిక్కెట్టు చూస్తున్నానంది. ముందు రోజు దిగితే కుర్చీలో కూర్చుని వినొచ్చు, అంతే, పది రోజుల ముందు దిగితేనే పాట అని చెప్పాను. దానికీ దాని ఆఫీసుకూ సెలవు మీద ఇప్పుడు బేరం నడుస్తోంది. ఈలోగా టీచరమ్మ మాత్రం మృదంగానికి ఎడమపక్క ఒక చాప ఖాళీగా ఉంచమంది. రేపు టేపు పట్టుకెళ్లి అది నాలుగు మీటర్ల లోపే ఉందో లేదో చూడాలి.